రుజువు భారం: కొలంబియా నౌక ఎందుకు విచ్ఛిన్నమైంది

భూమి చుట్టూ తిరిగే నౌక సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. గంటకు 28,000 కిలోమీటర్లన్న మాట. నేలకు దిగాలంటే ఆ వేగమంతా వదిలించుకోవాలి. అందుకు అక్కడ ఆసరాగా దొరికేది గాలి ఒక్కటే. నౌక అంత వేగంతో దూసుకొస్తుంటే ఎదురుగా ఉన్న గాలికి పక్కకు తప్పుకొనే వ్యవధి ఉండదు. అక్కడికక్కడే నలిగి, కొన్ని వేల డిగ్రీలకు వేడెక్కి, నౌక ముందు మండే పొరలా నిలుస్తుంది. రాపిడి వల్లనే నౌక కాలుతుందని చాలామంది అనుకుంటారు గానీ, ఎక్కువ వేడి పుట్టేది ఇలా నలిగిన గాలిలోనే.

ఈ వేడికి విరుగుడు 1951లో దొరికింది. అమెరికాలోని ఏమ్స్ పరిశోధన కేంద్రంలో జూలియన్ అలెన్ అనే శాస్త్రవేత్త, సహచరుడు ఆల్‌ఫ్రెడ్ ఎగ్గర్స్‌తో కలిసి, అప్పటిదాకా ఉన్న ఆలోచనను తిరగేశాడు. కొన సూదిగా ఉంటే వేడి నేరుగా నౌకకు తగులుతుంది. మొద్దుగా ఉంటే నలిగిన గాలి పొర కాస్త దూరంగా నిలిచి, వేడిలో అధిక భాగాన్ని చుట్టూ ఉన్న గాలిలోకే తోసేస్తుంది. మెర్క్యురీ, జెమినీ, అపోలో గుళికలు మొద్దు అడుగుతో తయారైంది అందుకే. వాటి వేడి కవచం ఒక్కసారికే పనికొచ్చేది. పైకి వెళ్లేటప్పుడు అది గుళిక అడుగున, కింది భాగాల చాటున భద్రంగా ఉండేది.

స్పేస్ షటిల్‌తో ఆ అమరిక మారిపోయింది. మళ్లీ మళ్లీ ఎగరాల్సిన వాహనం కాబట్టి దానికి రెక్కలు, చక్రాలు, పదే పదే వాడుకోదగ్గ కవచం కావాల్సి వచ్చాయి. దాదాపు 24,000 సిలికా పలకలను చేత్తో అతికించారు. అన్నిటికన్నా ఎక్కువ వేడి తగిలే ముక్కుకు, రెక్కల ముందు అంచులకు కార్బన్-కార్బన్ అనే మిశ్రమ పదార్థం వాడారు. ఒక్కో రెక్క అంచుకు 22 వంపు పలకలు. అక్కడ వేడి సుమారు 1,650 డిగ్రీల సెల్సియస్ దాకా చేరుతుంది. పలకల వెనక ఉన్న రెక్క మాత్రం అల్యూమినియం. అది 175 డిగ్రీలు దాటకుండా చూడాలన్నది రూపకర్తలు పెట్టుకున్న హద్దు. ఈ రెండు అంకెల మధ్య అడ్డుగోడ కవచం ఒక్కటే.

ఇంత సున్నితమైన కవచమున్న నౌకను ఇంధనపు ట్యాంకు పైన కాక, పక్కన కట్టారు. ట్యాంకులో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్ ఉంటాయి. పైన మంచు పేరుకోకుండా ట్యాంకు చుట్టూ ఫోమ్ పూశారు. అది ఊడితే పక్కనున్న నౌకకు తగిలే ముప్పు ఉంది. అందుకే ట్యాంకు నుంచి ఏ ముక్కా రాలకూడదని మొదట్లోనే నియమం రాసుకున్నారు. కార్బన్ పలకలు దెబ్బలు తట్టుకోవాలన్న ఆలోచనే పెద్దగా లేదు. దెబ్బ పడనే పడదన్న షరతు మీద ఆ నౌక రూపం నిలబడింది.

అలవాటైన గాట్లు

ఆ షరతు తొలి ప్రయాణంలోనే తప్పింది. 1981 ఏప్రిల్ 12న జాన్ యంగ్, రాబర్ట్ క్రిప్పెన్‌లతో కొలంబియా మొదటిసారి ఎగిరి వచ్చాక 300కు పైగా పలకలను మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా తిరిగొచ్చిన ప్రతి నౌక అడుగున గాట్లు కనిపిస్తూనే ఉన్నాయి. సగటున ఒక్కో ప్రయాణానికి అవి వందకు పైమాటే. ఇంజినీర్లు లెక్క పెట్టారు, కొలిచారు, పలకలు మార్చారు, మళ్లీ ఎగరేశారు. మొదట్లో నౌక భద్రతకు సంబంధించిన సమస్యగా నమోదైన విషయం క్రమంగా రెండు ప్రయాణాల మధ్య చేసుకునే మరమ్మతు పనిగా మారింది.

1988 డిసెంబరులో అట్లాంటిస్ అనే మరో షటిల్‌కు పెద్ద గండమే వచ్చింది. ఘన ఇంధన బూస్టర్ ముక్కు నుంచి ఊడిన పూత తగిలి 700కు పైగా పలకలు దెబ్బతిన్నాయి. ఒక పలక పూర్తిగా ఊడిపోయింది. సరిగ్గా ఆ చోట అడుగున యాంటెన్నా కోసం అమర్చిన మందపాటి లోహపు పలక ఉండడం వల్ల వేడి లోపలికి తొలుచుకుపోలేదు. కమాండర్ రాబర్ట్ గిబ్సన్ కక్ష్యలో ఉండగానే కెమెరాతో ఆ గాట్లను చూసి, ఇక బతికి బయటపడమనే అనుకున్నాడు. అది రక్షణ శాఖ రహస్య ప్రయాణం. నేల మీదికి చేరిన చిత్రాలు మసకగా ఉండడంతో దెబ్బ పెద్దది కాదని కింద వాళ్లు తేల్చారు. నౌక దిగింది. బూస్టర్ పూతను సరిచేశారు. కానీ కవచానికి దెబ్బ తగిలితే నౌక పోతుందన్న హెచ్చరికగా దాన్ని తీసుకోలేదు. దెబ్బ తగిలినా తిరిగొస్తుందన్న భరోసాగా ఆ అనుభవం లెక్కలో చేరిపోయింది.

ట్యాంకుకు, నౌక ముక్కుకు మధ్య రెండు కాళ్ల ఆధారం ఒకటి ఉంటుంది. దాని మొదట్లో గాలి సాఫీగా జారిపోవడానికి ఫోమ్‌ను చేత్తో పిచికారీ చేసి, ఏటవాలు దిబ్బలా చెక్కేవారు. లోపల గాలి బుడగలు, పగుళ్లు మిగిలిపోయే వీలున్న పని అది. ఎడమ వైపు దిబ్బ ఊడిన సందర్భం 1983లో మొదటిసారి నమోదైంది. 2002 అక్టోబరు నాటికి అలాంటివి ఆరు. ఆ ఆరోసారి, అట్లాంటిస్ ప్రయాణంలో, ఊడిన ముక్క బూస్టర్ అడుగునున్న లోహపు కట్టుకు తగిలి సొట్ట పెట్టింది. తర్వాతి ప్రయాణానికి ముందు జరిగిన సమీక్షలో ఈ విషయం వచ్చింది. ఇదివరకు ఊడినప్పుడు ఏమీ కాలేదు కాబట్టి ఎగరవచ్చని నిర్ణయించారు. కారణం వెతికే పనిని ఒక బృందానికి అప్పగించారు గానీ, దాని గడువును కొలంబియా తర్వాతి ప్రయాణం ముగిసే దాకా పొడిగించారు.

అప్పట్లో నాసా మీద మరో ఒత్తిడి కూడా ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమెరికా భాగాన్ని 2004 ఫిబ్రవరి 19కల్లా పూర్తి చేయాలని పైవాళ్లు గీత గీశారు. ఆ తేదీకి ఇంకా ఎన్ని రోజులు, గంటలు, నిమిషాలు, సెకన్లు ఉన్నాయో చూపించే స్క్రీన్‌సేవర్‌ను మేనేజర్ల కంప్యూటర్లకు పంపారు. ఫోమ్‌ను పెద్ద సమస్యగా రాస్తే ప్రయాణాలు ఆగుతాయి. ప్రయాణాలు ఆగితే గీత దాటుతుంది.

82వ సెకను

2003 జనవరి 16 ఉదయం 10.39కి కెనెడీ కేంద్రం నుంచి కొలంబియా బయలుదేరింది. ఆ నౌకకు ఇది 28వ ప్రయాణం, షటిల్ కార్యక్రమానికి 113వది. కమాండర్ రిక్ హస్బెండ్, పైలట్ విలియం మెక్‌కూల్, మైకేల్ ఆండర్సన్, డేవిడ్ బ్రౌన్, కల్పనా చావ్లా, లారెల్ క్లార్క్, ఇజ్రాయెల్ నుంచి మొదటి వ్యోమగామి ఇలాన్ రామోన్: మొత్తం ఏడుగురు. పదహారు రోజుల శాస్త్ర ప్రయోగాల యాత్ర అది. రెండు జట్లుగా విడిపోయి రాత్రింబవళ్లు పని చేయాలి. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టి, చండీగఢ్‌లో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివిన కల్పనకు ఇది రెండో యాత్ర. 1997లో ఆమె మొదటిసారి వెళ్లింది కూడా ఈ కొలంబియాలోనే.

బయలుదేరిన 82వ సెకనులో, దాదాపు 20 కిలోమీటర్ల ఎత్తున, ఎడమ దిబ్బ నుంచి ఫోమ్ ముక్క ఊడింది. సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, ముప్పావు కిలో బరువు. చేత్తో పట్టుకుంటే కొత్త టీవీ పెట్టెలో వచ్చే థర్మాకోల్ కన్నా పెద్ద బరువనిపించదు. అంత తేలిక వస్తువు గట్టి పలకను ఎలా పగలగొడుతుందన్న అనుమానం చివరిదాకా చాలామందిని వదల్లేదు.

జవాబు ఆ తేలికలోనే ఉంది. ఊడిన క్షణంలో నౌక, ఫోమ్ రెండూ గంటకు దాదాపు 2,500 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయి. ఫోమ్ తేలిక కాబట్టి ఎదురుగాలి దాన్ని సెకనులో ఆరో వంతు సమయంలోనే బాగా వెనక్కి గుంజేసింది. నౌక వేగం మాత్రం పెరుగుతూనే ఉంది. ఫోమ్ నౌక మీద పడింది అనడం కన్నా, వేగం తగ్గిన ఫోమ్‌ను నౌక రెక్కే వచ్చి గుద్దింది అనడం సరిగా ఉంటుంది. రెండింటి వేగాల మధ్య తేడా గంటకు 800 కిలోమీటర్ల పైచిలుకు. దెబ్బ పడింది ఎడమ రెక్క ముందు అంచు మీద.

అడిగినా రాని చిత్రాలు

మర్నాడు ఫిల్ములు కడిగి చూసినవాళ్లు ఉలిక్కిపడ్డారు. ముక్క తగలడం, తెల్లటి పొడిలా విచ్చిపోవడం కనిపించింది. తగిలిన చోటు మాత్రం తేలలేదు. ఆ చోటును బాగా చూపించాల్సిన కెమెరా దృశ్యం మసకబారి ఉంది. కక్ష్యలో ఉన్న నౌకను రక్షణ శాఖ దగ్గరున్న సాధనాలతో ఫోటో తీయిస్తే విషయం తేలుతుందని వాళ్లు కోరారు. ఆ పదహారు రోజుల్లో ఇలా మూడు వేర్వేరు అభ్యర్థనలు వెళ్లాయి. ఒక్కటీ నెరవేరలేదు.

అడిగినవారిలో జాన్సన్ అంతరిక్ష కేంద్రపు ఇంజినీరు రోడ్నీ రోచా ఒకరు. ఫోటోలు అడగడం మానుకోవాలని పైనుంచి సమాధానం వచ్చినప్పుడు ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని గట్టిగానే ఒక లేఖ రాశారు. ఇది తప్పుడు నిర్ణయమనీ, బాధ్యతా రాహిత్యానికి దగ్గరగా ఉందనీ అందులో ఉంది. భద్రంగా లేదనిపిస్తే చెప్పమంటూ కార్యాలయమంతా అంటించిన పోస్టర్లను కూడా గుర్తు చేశారు. రాసినదాన్ని ముద్రించి తోటి ఉద్యోగికి చూపించారు. పైకి మాత్రం పంపలేదు. దీన్ని ఆయన పిరికితనంగా చదవడం అన్యాయమని నా అభిప్రాయం. అధికార సోపానాన్ని దాటి మాట్లాడకూడదని ఏళ్ల తరబడి నేర్పిన చోట, గోడ మీది పోస్టర్ ఒక మనిషికి ఎంతవరకు తోడు నిలుస్తుంది?

ఫోటోలు లేకుండానే ఇంజినీర్లు లెక్కలు వేశారు. వాళ్ల దగ్గరున్న గణన పద్ధతి చిన్న చిన్న తునకల కోసం తయారైనది. కొలంబియాకు తగిలిన ముక్క వాటికి దాదాపు 400 రెట్లు పెద్దది. పలక మందాన్ని మించి గాటు పడవచ్చని ఆ పద్ధతి చూపినా, అది ఎప్పుడూ ఎక్కువ చేసి చూపిస్తుందన్న నమ్మకంతో ఫలితాన్ని తగ్గించి చదివారు. జనవరి 23న కమాండర్‌కు, పైలట్‌కు సందేశం వెళ్లింది. ఫోమ్ తగిలిందనీ, తిరుగు ప్రయాణానికి దానివల్ల ఆందోళన అక్కర్లేదనీ అందులో ఉంది. ఇద్దరూ ఆ మాట నమ్మి తమ పనిలో పడ్డారు.

ఈ వ్యవహారం మొత్తానికీ కీలు ఒక్క చోటుంది. ఫోటోలు తీయించాలంటే ప్రమాదం ఉన్నట్టు ముందు రుజువు చూపాలి. ఆ రుజువు దొరకాలంటే ఫోటోలు కావాలి. నౌకను ఎగరేసేటప్పుడు అది భద్రమని నిరూపించే బాధ్యత సంస్థది కావాలి. ఇక్కడ ప్రమాదకరమని నిరూపించే బాధ్యత అనుమానించినవాళ్ల మీద పడింది. 1986 జనవరిలో ప్రమాదానికి గురైన మరో షటిల్ ఛాలెంజర్ బయలుదేరే ముందు రాత్రి కూడా ఇదే జరిగింది. చలికి బూస్టర్ సీళ్లు పని చేయకపోవచ్చన్న ఇంజినీర్లను అంకెలతో నిరూపించమన్నారు.

ఎనిమిదీ నలభై నాలుగు నుంచి తొమ్మిది దాకా

ఫిబ్రవరి 1, శనివారం. అమెరికా తూర్పు ప్రాంత కాలమానం ప్రకారం ఉదయం 8.15కి, హిందూ మహాసముద్రం మీద ఉండగా, కొలంబియా ఇంజిన్లు మండించి వేగం తగ్గించుకుంది. 8.44కి, 122 కిలోమీటర్ల ఎత్తున, పసిఫిక్ మీద గాలి తొలి పొరలను తాకింది. 9.16కి ఫ్లోరిడాలో దిగాలి.

8.48కి ఎడమ రెక్కలో, తొమ్మిదో పలక వెనకనున్న ఒక సెన్సార్ లోహం మీద అసాధారణ ఒత్తిడిని గుర్తించింది. ఆ కొలత నౌకలోని రికార్డర్‌లో నమోదైంది గానీ నేలకు చేరలేదు. మండే గాలి చిల్లు గుండా లోపలికి దూరి, అంచు వెనకనున్న అల్యూమినియం దూలాన్ని కరిగించసాగింది. దూలం వెంట సాగే వైర్ల కట్టలు ఒక్కొక్కటీ కాలిపోయాయి. 8.53కి కాలిఫోర్నియా మీద, ఇంకా తెల్లవారని ఆకాశంలో, నౌక వెనక మెరుస్తూ ఊడిపడుతున్న తునకలు కొందరి కెమెరాలకు చిక్కాయి.

8.54కి హ్యూస్టన్‌లోని నియంత్రణ గదికి తొలి సూచన అందింది. ఎడమ రెక్కలో హైడ్రాలిక్ వ్యవస్థకు చెందిన నాలుగు ఉష్ణ సెన్సార్లు ఒకదాని వెంట ఒకటి మూగబోయాయి. వాటి మధ్య ఉమ్మడిగా ఉన్న పరికరం ఏదీ లేదు. ఉన్నదల్లా వైర్లు పోయే దారి. 8.59కి ఎడమ చక్రాల టైర్లలో గాలి పీడనం చూపే సెన్సార్లూ పోయాయి. అప్పటికే ఎడమ రెక్క ఆకారం మారి, నౌక ఎడమకు లాగుతోంది. ఆటోమేటిక్ వ్యవస్థ రెక్కల అంచులను సర్దుతూ, కుడివైపు జెట్లను ఆపకుండా కాలుస్తూ దారి తప్పకుండా చూసింది. టైర్ల సంగతికి బదులివ్వబోయిన హస్బెండ్ మాట మధ్యలోనే తెగింది. 9.00కి, టెక్సాస్ మీద సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున, ధ్వనికి 18 రెట్ల వేగంలో నౌక ముక్కలైంది. మన దేశంలో అప్పుడు రాత్రి ఏడున్నర.

నేల మీద కొన్ని నిమిషాలు ఆశగా పిలుస్తూనే ఉన్నారు. టెక్సాస్ ఆకాశం నుంచి వచ్చిన టీవీ దృశ్యాల సంగతి తెలిశాక ఫ్లైట్ డైరెక్టర్ లీరాయ్ కెయిన్ తలుపులు మూయించారు. ఎవరూ బయటికి వెళ్లకూడదు, తెర మీదున్న ప్రతి అంకెనూ భద్రపరచాలి. విచారణ ఆ క్షణంలోనే మొదలైంది.

నేల మీద పరిచిన నౌక

టెక్సాస్ తూర్పు అడవుల్లో, లూసియానా సరిహద్దు దాకా, 25,000 మందికి పైగా శిథిలాల కోసం గాలించారు. కార్చిచ్చు ఆర్పే దళాలవాళ్లు భుజం భుజం కలిపి వరసలు కట్టి, ముళ్లకంపలు తొక్కుకుంటూ నడిచారు. మార్చి 27న వెతుకులాటలో ఉన్న హెలికాప్టర్ కూలి ఇద్దరు చనిపోయారు. ఈ చరిత్రలో వాళ్లనూ లెక్కించాలి. చివరికి 84,000 ముక్కలు దొరికాయి. నౌక బరువులో అవి 38 శాతం.

మార్చి 19న హెంఫిల్ అనే ఊరి దగ్గర ఒక పెట్టె చెక్కు చెదరకుండా దొరికింది. తొలి షటిల్ కావడం వల్ల పరీక్షల కోసం కొలంబియాకు మాత్రమే అమర్చిన రికార్డర్ అది. 8.48 నాటి ఆ ఒత్తిడి సంగతి లోకానికి తెలిసింది అందులోని టేపు వల్లనే.

కెనెడీ కేంద్రంలోని ఒక హ్యాంగర్ నేల మీద గళ్లు గీసి, నౌక ఆకారంలో ముక్కలను వాటి వాటి చోట్ల పేర్చారు. ఎడమ రెక్క అంచు దగ్గర కథ కళ్లకు కట్టింది. ఎనిమిదో పలక అవశేషాల లోపలి వైపు కరిగి గడ్డకట్టిన లోహపు చిట్టెం మందంగా పేరుకుని ఉంది. దాన్ని పరీక్షిస్తే అడుగు పొరల్లో అంచు లోపలి బిగింపులు, వేడి నిరోధక పూరకం కరిగిన ఆనవాళ్లు కనిపించాయి. వాటి మీద అల్యూమినియం. అంటే ముందు లోపలి అమరికలు, తర్వాత దూలం కరిగాయన్న మాట. పలక అంచులు కత్తి వాదరలా పలచగా అరిగిపోయి ఉన్నాయి. లోపలి నుంచి మండే గాలి ఒరుసుకుపోతేనే అంచులు అలా అరుగుతాయి.

ఇంత జరిగినా ఫోమ్ కార్బన్ పలకను పగలగొట్టిందంటే నమ్మనివాళ్లు మిగిలారు. విశ్రాంత అడ్మిరల్ హెరాల్డ్ గేమన్ నాయకత్వంలోని విచారణ మండలి దాన్ని కూడా పరీక్షకు పెట్టింది. 2003 జులై 7న శాన్ ఆంటోనియోలో, నైట్రోజన్ తుపాకీతో అదే పరిమాణపు ఫోమ్‌ను అదే వేగంతో, అట్లాంటిస్ నుంచి తీసిన ఎనిమిదో పలక మీదికి పేల్చారు. పలకలో 40 సెంటీమీటర్ల మేర చిల్లు పడింది. చూస్తున్నవాళ్లు నిశ్చేష్టులయ్యారు. ఈ తుపాకీ, ఈ పలక, ఈ ఫోమ్ అంతకు ముందు ఇరవై ఏళ్లలో ఎప్పుడు కావాలన్నా దొరికేవే. పరీక్ష చేయాలని ఎవరికీ తోచలేదు. తిరిగొచ్చిన ప్రతి నౌకనూ పరీక్ష నెగ్గినట్టే జమకట్టారు.

ఆగస్టు 26న వచ్చిన నివేదిక ఫోమ్‌తో సమానంగా సంస్థ తీరును కూడా ప్రమాద కారణంగా పేర్కొంది. అందులో ఒక అధ్యాయం కొలంబియా, ఛాలెంజర్‌లను పక్కపక్కన పెట్టి చరిత్రనే ఒక కారణంగా చర్చించింది. తప్పు పదే పదే జరిగీ హాని కలగనప్పుడు అది మామూలైపోతుందని ఛాలెంజర్ మీద పరిశోధించిన సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ 1996లోనే రాశారు. ముందే తెలిసి ఉంటే వ్యోమగాములను కాపాడే వీలుండేదా అని కూడా మండలి అడిగింది. అప్పటికే సిద్ధమవుతున్న అట్లాంటిస్‌ను తొందరగా పంపగలిగితే, కొలంబియాలో పీల్చే గాలిని శుద్ధి చేసే సరుకు ఫిబ్రవరి 15 దాకా సరిపోయేలా పొదుపు చేయగలిగితే, కష్టమే గానీ సాధ్యమేనని తేలింది.

మనకు మిగిలిన బాధ్యత

2005 జులైలో షటిల్ మళ్లీ ఎగిరేనాటికి ఆ ఫోమ్ దిబ్బను తీసేశారు. కక్ష్యలో కవచాన్ని పరిశీలించడానికి పొడవైన కడ్డీ, కెమెరాలు వచ్చాయి. 2011లో షటిళ్లు విశ్రాంతి తీసుకున్నాయి. ఆ తర్వాత అమెరికా మనుషుల కోసం కట్టిన నౌకలు మళ్లీ మొద్దు అడుగు గుళికలే. కవచం అడుగున, చాటున ఉంటుంది.

2002 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి వెళ్లిన మెట్‌శాట్ ఉపగ్రహానికి, ప్రమాదం జరిగిన నాలుగు రోజులకు, కల్పన పేరు పెట్టారు. అదే శ్రీహరికోట నుంచి 2007 జనవరి 10న వెళ్లిన ఇస్రో గుళిక, సిలికా పలకల కవచంతో, 12 రోజుల తర్వాత బంగాళాఖాతంలో భద్రంగా దిగింది. కక్ష్య నుంచి ఒక వస్తువును చెక్కు చెదరకుండా వెనక్కి తెచ్చుకోవడం మన దేశానికి అదే మొదలు. 2014 డిసెంబరులో మనుషులను మోసే గుళిక నమూనాను కూడా గాలి పొరల గుండా దింపి చూశారు. గగన్‌యాన్ ఆ దారిలోనే సాగుతోంది.

కొలంబియా చరిత్ర నుంచి ఆ ప్రయత్నానికి అందేది ఒక నియమం. పోయినసారి క్షేమంగా వచ్చామన్న మాటను భద్రతకు రుజువుగా ఒప్పుకోకూడదు. అది ఒకసారి వచ్చిన ఫలితం మాత్రమే. ఎందుకు క్షేమంగా వచ్చామో, ఎంత తేడాతో గండం గడిచిందో కొలిచి చెప్పగలిగితేనే అది రుజువు. ఒక ఇంజినీరు అనుమానం వెలిబుచ్చితే, దాన్ని నిరూపించమని అతన్ని అడగడం కాదు, అది తప్పని చూపే భారం ఎగరేసేవాళ్లు మోయాలి. ఫోటో తీయడానికి అయ్యే ఖర్చు, ప్రయాణం వాయిదా పడితే వచ్చే నష్టం ముందే లెక్క కట్టవచ్చు. కొలంబియాలో వెళ్లిన ఏడుగురి ప్రాణాలను ఆ లెక్కలో ఎక్కడా రాయలేదు. వాటిని మొదటి వరసలో రాయడం నేర్చుకున్న సంస్థకే మనిషిని పైకి పంపే అర్హత ఉంటుంది.